ఇరవై బైట్ల బ్యాకప్

ఇరవై బైట్ల ఫైల్లో ఏముంటుంది? ఏమీ ఉండదు. జిజిప్ అనే ప్రోగ్రాముకి ఖాళీని ఇచ్చి కుదించమంటే, అది కాదనకుండా కుదించి, పైనొక చీటీ, కిందొక చీటీ అంటించి, ఇరవై బైట్ల పొట్లం కట్టి చేతిలో పెడుతుంది. పొట్లం ఉంటుంది, లోపల పల్లీలుండవు. అలాంటి పొట్లాలు ఒకప్పుడు నా దగ్గర నాలుగు వందల పైచిలుకు ఉండేవి. రాత్రికొకటి చొప్పున, తేదీల పేర్లతో, వరసగా.

జరిగింది చిన్న విషయమే. ఒక చిన్న సాహిత్య పత్రిక వెబ్‌సైటుకి సర్వర్ పని నేను చూసేవాణ్ణి. ఉద్యోగంలో చేసేదీ అదే పని కాబట్టి "నువ్వే చూస్కో భాయ్" అన్నారు, చూసుకున్నాను. ఒకరోజు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను. సైటులో మార్చాను గానీ, రాత్రిపూట బ్యాకప్ తీసే స్క్రిప్టులో మార్చడం మర్చిపోయాను. ఆ రోజు నుంచీ ఆ స్క్రిప్టు రాత్రి రెండున్నరకి లేవడం, డేటాబేస్ తలుపు తట్టడం, తలుపు తెరుచుకోకపోతే వచ్చిన ఖాళీనే పొట్లం కట్టి దాచడం, పొద్దున్నే నాకు "బ్యాకప్ సక్సెస్‌ఫుల్" అని మెయిల్ పంపడం. అబద్ధం కూడా కాదు. వరసలో చివరివాడు పని సరిగ్గా చేస్తే మొత్తం పని సరిగ్గా జరిగినట్టే లెక్కేయడం ఆ షెల్‌కి మామూలు. పొట్లం కట్టేవాడు తన పని సరిగ్గానే చేశాడు కదా. షాలిబండలో బస్సెక్కి నయాపూల్ దాటేలోపు ఆ మెయిల్ చూసుకుని, సాహిత్యానికి నా వంతు సేవ చేశానని సంతోషపడేవాణ్ణి.

పద్నాలుగు నెలలకి డిస్క్ పోయింది.

అంతకుముందెప్పుడో చేత్తో తీసి పెట్టుకున్న పాత కాపీ ఒకటి దొరికింది. అది పెడితే సైటు లేచింది, పద్నాలుగు నెలల కిందటి ముఖంతో. ఆ మధ్యలో వచ్చిన కవితలు, సమీక్షలు, ఒక పెద్ద వాదం, దాని కింద మూలంకన్నా బాగున్న వ్యాఖ్యలు, అన్నీ పోయాయి. రచయితలకి మెయిళ్ళు రాసి వాళ్ళ కాపీలు పంపమన్నాం. చాలామంది పంపారు. ఒక పెద్దాయన మాత్రం ఫోన్ చేసి, "మీ సైటులో ఉంది కదా బాబూ అని నా దగ్గరున్నది తీసేశానే" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆయన ఆ వ్యాసం మళ్ళీ రాయలేదు.

ఇదంతా పశ్చాత్తాపం కోసం చెప్పడం లేదు. అది నా సొంత గొడవ. నా తగాదా ఆ మాటతో, "ఉంది కదా" అనే మాటతో. నెట్లో ఉంది కదా. ఆర్కైవ్‌లో ఉంది కదా. స్కాన్ చేశారు కదా. బ్యాకప్ ఉంది కదా. తెలుగు సాహిత్యలోకంలో ఇంతమంది ఇంత నిశ్చింతగా అనే మాట ఇంకోటి లేదు. తీసి చూసినవాళ్ళు ఎంతమంది?

సర్వర్ పనిలో ఉన్నవాళ్ళకి ఒక పాత పాఠం ఉంది, అందరికీ తెలుసు, ఎవరూ పాటించరు. తిరిగి పెట్టి చూడని బ్యాకప్, బ్యాకప్ కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పేరున్న కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్ చెరిపేశాడు. వాళ్ళకి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. తీసి చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. ఒకదాని సంగతైతే, అది ఫెయిలవుతోందని చెప్పే మెయిళ్ళనే మెయిల్ సర్వరు తిప్పి కొడుతోంది, కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ వాళ్ళని కాపాడింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ కాలింది. ఉద్యోగుల ఫైళ్ళన్నీ దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. మరీ పెద్దది కావడంతో దానికి బయట బ్యాకప్పే పెట్టలేదట. డబ్బూ మనుషులూ ఉన్నచోటే ఇలా ఉంటే, ఎడిటర్ జేబులోంచి హోస్టింగ్ డబ్బులు కట్టే తెలుగు పత్రికల పరిస్థితి ఊహించుకోండి.

ఊహ ఎందుకు, మా గల్లీల్లోదే చెప్తాను.

ఛత్తాబజార్ మీకు తెలిసే ఉంటుంది. పాతబస్తీలో పెళ్ళికార్డుల బజారు. ఉర్దూ కాతిబులు చేత్తో రాసిన కాలం నుంచి ఇప్పటి డీటీపీ దాకా అక్షరం అమ్ముకుని బతికిన వీధి. అక్కడొక ప్రెస్సు చాచాకి నేను అప్పుడప్పుడూ కంప్యూటర్లు చూసిపెడతాను. పెళ్ళికార్డులు, బిల్లు బుక్కులతో పాటు, సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే తెలుగు కవుల పుస్తకాలూ ఆయన కొట్లో అచ్చయ్యేవి. మూడొందల కాపీలు, స్నేహితులకి పంచడం, ఐపోవడం. ఇరవై ఏళ్ళ ఫైళ్ళున్న సర్వర్, అంటే మూలనున్న పాత డబ్బా, ఒక వానాకాలం లేవలేదు. "బ్యాకప్ హై బేటా, ఫికర్ నక్కో" అన్నాడు చాచా, ఆ డబ్బా నెత్తి మీదే పెట్టి ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చూపిస్తూ. (డబ్బా మీదే. ఇల్లు కాలితే తాళంచెవి ఇంట్లోనే ఉన్నట్టు. 1908లో మూసీ ఎంత ఎత్తుకొచ్చిందో చెప్పుకునే ఊరు ఇది. 2020 అక్టోబరులో పాతబస్తీ కాలనీలు మునిగింది మొన్ననే. అయినా మన డిస్కులన్నీ గ్రౌండ్ ఫ్లోర్లో, ఒకే బీరువాలో.)

డిస్క్ మంచిదే. ఫైళ్ళన్నీ వచ్చాయి, ఒక్క బైటూ తగ్గకుండా. తెరిచాం. తెలుగుండాల్సిన చోట లాటిన్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, కరెన్సీ గుర్తులు. తెలుగు డీటీపీ ఎరిగినవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పుస్తకాలవి. యూనికోడ్ రాకముందటి ఆ ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి తెలుగు అనేదే లేదు. ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే. ఫైలు దాచాం, ఫాంటు దాచలేదు. ఫాంటు సంపాదిస్తే దాన్ని తెరిచే పేజ్‌మేకర్ లేదు. పేజ్‌మేకర్ దొరికితే అది నడిచే విండోస్ లేదు. చివరికి అటక మీదినుంచి ఒక ఎక్స్‌పీ మెషీను దించి, వారం రోజులు కుస్తీ పడితే అక్షరాలు వచ్చాయి. కొన్నిచోట్ల వత్తులు పక్క అక్షరం కిందికి జరిగాయి. ఒక కవితా సంపుటిలో ఏ వత్తు ఎవరిదో చెప్పగలిగినవాడు దాని కవి. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఇంజనీరుగా నన్నడిగితే ఆ రిస్టోర్ నూటికి నూరు పాళ్ళు సక్సెస్. బైట్లు సరిపోయాయి, చెక్‌సమ్ సరిపోయింది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బ్యాకప్ అనేది ఇంజనీరింగ్ విషయం, మనకేం తెలుస్తుంది అని సాహిత్యం వాళ్ళు తప్పుకుంటారు. బైట్లు దాచడం ఇంజనీరింగే. తిరిగొచ్చింది పద్యమా, చెత్తా అన్నది చదివి చెప్పాల్సినవాడు పాఠకుడే. డేటాబేస్ మార్చేటప్పుడు అక్షరసంకేతం తప్పు చెప్తే, ఒక్కో తెలుగు అక్షరం మూడేసి పిచ్చి గుర్తులై తిరిగొస్తుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి. దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పొచ్చు. వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయా, ఇక అంతే. వాటి వెనక ఏమీ మిగలదు. ఇంగ్లీషు పేజీ ఒకటి తెరిచి "అంతా బాగుంది" అనుకునే ఇంజనీరుకి ఈ రెండూ కనపడవు. ఇంకా సన్నవి ఉన్నాయి. కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది యూనికోడ్‌లో. ఫైళ్ళు "శుభ్రం" చేసే ప్రోగ్రాము దాన్ని తుడిచేస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అవుతుంది. పాఠకుడి కంట్లో నలుసు, మెషీనుకి అసలు విషయమే కాదు. కవితల్లో పాదాలు విరిచే గుర్తులు ఎగిరిపోతే వచన కవిత నిజంగానే వచనమైపోతుంది. (కొన్ని కవితలకి దానివల్ల మేలే జరుగుతుందనేవాళ్ళున్నారు. నేను ఆ వాదంలోకి పోను.)

ఇప్పుడు పెద్ద "ఉంది కదా" దగ్గరికి. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. అక్కడి పుస్తకాలతో సహా దేశంలోని ఎన్నో లైబ్రరీల పుస్తకాలు 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ అయ్యాయి. మన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ నుంచి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకి ఇక్కడి రూపం అది. మన ఊరి ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. పేజీకొక బొమ్మ చొప్పున ఉండేవి. వాటిని చూడ్డానికి వేరే ప్లగిన్ వేసుకోవాలి, పుస్తకం మొత్తం దించుకోవాలంటే ఎవరో పుణ్యాత్ములు రాసిన డౌన్‌లోడర్ వాడాలి. తర్వాత ఆ సైటు మూతపడింది. ఈరోజు మీరు ఆ తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకుంటున్నారంటే, కార్ల్ మాలమూడ్ అనే అమెరికన్ పనిగట్టుకుని లక్షల పుస్తకాలు అటు కాపీ చేసినందువల్ల. ఆయనకి తెలుగు రాదు. మన సాహిత్య అకాడమీలు, విశ్వవిద్యాలయాలు, మహాసభలు, శాలువాలు ఇన్ని ఉండగా, మన శతాబ్దపు అచ్చుపుస్తకాలకి రిస్టోర్ బటన్ నొక్కింది కాలిఫోర్నియాలో ఒక మనిషి.

ఆర్కైవ్ కూడా శాశ్వతమేం కాదు. 2024 అక్టోబరులో దాడి జరిగి రోజుల తరబడి సైటు పడిపోయింది. మెల్లగా తిరిగొచ్చినప్పుడు కూడా ముందు చదవడానికి మాత్రమే ఇచ్చారు. ఆ వారంలో తెలుగు పరిశోధకుల గ్రూపుల్లో గోల గోల. వాళ్ళలో ఎందరి దగ్గర తమ సిద్ధాంతవ్యాసానికి ఆధారమైన పుస్తకాల సొంత కాపీ ఉందో అడగాలనిపించింది. అడగలేదు. నా దగ్గరా లేవు.

పోనీ ఆర్కైవ్ ఉందే అనుకుందాం. అందులో ఒక తెలుగు పుస్తకం వెతకండి. పేరు ఇంగ్లీషు లిపిలో, ఏ పద్ధతికీ లొంగని స్పెల్లింగులో ఉంటుంది. రచయిత పేరు ఉన్నచోట ప్రెస్సు పేరు. మధ్యలో పేజీలు మాయం, కొన్ని పేజీల మీద స్కాన్ చేసినవాడి బొటనవేలు. ఇది తిట్టు కాదు. తెలుగు రాని కుర్రాడితో రోజుకిన్ని పేజీలని లెక్కపెట్టి చేయిస్తే అలాగే వస్తుంది. కానీ దాన్ని "ఉంది" అనకండి. దొరకని ఫైలూ చెరిగిపోయిన ఫైలూ పాఠకుడికి ఒకటే. తెలుగు వికీపీడియా వాళ్ళు కూర్చుని ఆ పుస్తకాల పేర్లు తెలుగులో పట్టికలు కట్టారు చూడండి, అదీ రిస్టోరంటే. వికీసోర్స్‌లో బొమ్మల్ని అక్షరాలుగా మారుస్తూ ఒకరు పేజీ దిద్దితే పసుపురంగు, మరొకరు మళ్ళీ చదివి సరే అంటే ఆకుపచ్చ. ఎంత నిదానంగా సాగుతుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. అవార్డులివ్వాలంటే వాళ్ళకివ్వాలి.

మనకి పాత అనుభవం లేదా అంటే, ఉంది. తాళ్ళపాక వాళ్ళు పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో చిన్న గదిలో దాచారు. అంతకన్నా గట్టి బ్యాకప్ తెలుగులో ఇంకోటి లేదు. తడికి చెడదు, చెదపట్టదు. శతాబ్దాలు ఎవరూ తీసి చదవలేదు. ఇరవయ్యో శతాబ్దంలో తీశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు కూర్చుని చదివి అచ్చుకి తెచ్చారు. సాహిత్యం వచ్చింది. రేకు మీద రాగం పేరుంది, బాణీ లేదు. ఈరోజు మనం వినే అన్నమయ్య బాణీలు దాదాపుగా అన్నీ తర్వాతివాళ్ళు కట్టినవే. ఏడాదికోసారి ఎవరైనా ఆ రేకులు తీసి పాడుతూ వచ్చివుంటే, "ఇందులో పాట లేదే" అని రెండో తరంలోనే తెలిసేది. అప్పటికింకా పాడగలిగినవాళ్ళు బతికే ఉండేవాళ్ళు.

తీసి చదవడం ఎలాగో చూడాలంటే రంజాన్‌లో మా వైపు రండి. హలీం తినడానికి ఎలాగూ వస్తారు. ఇషా తర్వాత తరావీ నమాజులో హాఫిజ్ ఖురాన్ని కంఠతా చదువుతాడు. కొన్ని మసీదుల్లో రోజుకి సవా పారా, కొన్నిట్లో మూడు పారాలు. నెల తిరిగేలోపు మొదటినుంచి చివరిదాకా మొత్తం. చేతిలో పుస్తకం ఉండదు. వెనక వరసలో ఇంకో హాఫిజ్ నిలబడి వింటుంటాడు. ముందువాడు ఒక్క మాట తడబడితే చాలు, వెనకనుంచి సరైన మాట అందిస్తాడు. దాన్ని లుఖ్మా ఇవ్వడం అంటారు. లుఖ్మా అంటే ముద్ద. నోట్లో ముద్ద పెట్టినట్టు మాట పెడతాడు. ముందువాడు అది అందుకుని సర్దుకుని సాగిపోతాడు. వందలమంది మధ్య తప్పు పట్టినా ఎవరికీ అవమానం కాదు, వెనక మనిషిని నిలబెట్టేదే అందుకు. అచ్చు ప్రతులు అన్ని ఇళ్ళల్లోనూ ఉన్నాయి, అయినా ఏటా ఈ పని ఆగదు. నా స్నేహితుడొకడు మొఘల్‌పురాలో ఇరవై ఏళ్ళుగా ఇలా వెనక నిలబడుతున్నాడు. నా ఇరవై బైట్ల సంగతి చెప్తే వాడు నవ్వి అడిగిన ప్రశ్న ఒక్కటే: "వెనక ఎవరూ లేరా?"

లేరు. మన పత్రికల్లో వెనక ఎవరూ లేరు. అది చెప్తే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. ఒకటి, డబ్బుల్లేవు. రిస్టోర్ పరీక్షకి కావలసింది ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ఆదివారం. రెండోది ఇంకా చిరాకు: నిలిచే సాహిత్యం ఎలాగైనా నిలుస్తుంది, పోయేది పోనీ. వినడానికి గంభీరంగా ఉంటుంది. యాహూ గ్రూప్స్ మూసేస్తూ 2019 చివర్లో పాత పోస్టులన్నీ తీసేయడం మొదలెట్టినప్పుడు ఏది నిలవాలో ఏది పోవాలో కాలం కూర్చుని తూచలేదు. ఒక కంపెనీకి లెక్క కుదరలేదు, అంతే. తెలుగువాళ్ళు రచ్చబండ లాంటి చోట్ల ఛందస్సు నుంచి అనువాదం దాకా ఏళ్ళ తరబడి కొట్టుకున్నదీ అక్కడే. తమ వాదాలు ఎవరికి వాళ్ళు దించి దాచుకుంటే మిగిలాయి, లేకపోతే లేదు. బ్రౌన్ దొర వేమన పద్యాలకి ఊరూరా ప్రతులు సేకరించి, పండితులకి సొంత డబ్బిచ్చి పక్కపక్కన పెట్టి సరిచూపించకపోతే, ఆ పద్యాలన్నీ వాటంతటవే నిలిచేవని అనగలిగే ధైర్యం ఎవరికుంది?

కాబట్టి ఎడిటర్లకి నా డిమాండ్. మీ బ్యాకప్ ఎక్కడుందో నాకు చెప్పక్కర్లేదు. ఆఖరిసారి ఎప్పుడు తిరిగి పెట్టారో మీ సైటు అడుగున తేదీ వెయ్యండి. మూడు నెలలకోసారి, ఇంటర్నెట్ లేని ఖాళీ మెషీను మీద, మీ ఇంజనీరు కాకుండా ఇంకెవరైనా, కాగితం మీద రాసిన సూచనలు చూసి సైటుని లేపాలి. ఇంజనీరే చేస్తే అతని బుర్రలో ఉన్నది కాగితం మీద లేదన్న సంగతి బయటపడదు. లేచాక ఒక పాఠకుణ్ణి కూర్చోబెట్టండి. మొదటి సంచికలోంచి ఒకటి, పాదాలు అడ్డదిడ్డంగా విరిచిన కవిత ఒకటి, గొడవైన వ్యాసం ఒకటి దాని కింది వ్యాఖ్యలతో సహా చదవమనండి. గట్టిగా. రచయితలకీ ఒక మాట: ప్రచురించారు కదా అని మీ దగ్గరున్నది తీసేయకండి. నాలాంటివాణ్ణి నమ్మకండి.

ఛత్తాబజార్ సంగతి చెప్పి ఆపుతాను. ఇప్పుడు ఒక డిస్క్ చాచా ఇంట్లో, ఒకటి మా మేడమీద. కొట్టు మూసే శుక్రవారం మధ్యాహ్నాలు, నెలకోసారి, నేనూ డీటీపీ చేసే అమ్మాయీ కూర్చుని ఒక పాత పుస్తకం తీస్తాం. ఫైల్లోంచి ఆ అమ్మాయి చదువుతుంది, అచ్చుకాపీ దొరికితే నేను పట్టుకుంటాను. చాచాకి తెలుగు చదవడం రాదు, చాయ్ తెప్పించి వింటుంటాడు. పోయిన నెల ఆ వత్తులు జరిగిన సంపుటిలో ముప్పై ఒకటో పేజీ దాకా వచ్చాం. అక్కడొక పాదంలో ఫైలుదొకమాట, అచ్చుదొకమాట. అచ్చువేసే ముందు కవి చేత్తో దిద్దారేమో, ఫైల్లో మార్చకుండా ఫిల్మ్ మీదే మార్చారేమో. ఏది ఉంచాలో మాకు తేలలేదు. రెండూ రాసిపెట్టుకున్నాం. మిగతా పేజీలు వచ్చే నెల.